సరిహద్దులకు రంగులు వేసిన ఓదిల్

ఓదిల్ తిరియే చెయ్యి వణకదు. పారిస్‌లో సేన్ నది ఒడ్డున ఉన్న ఆ పటాల గదిలో ఆమెకు పని దొరికిందంటే అందుకే.

అది 1919 జనవరి. ప్రపంచ యుద్ధం ఆగి రెండు నెలలైంది. గెలిచిన దేశాల పెద్దలంతా పారిస్‌లో దిగి, హోటళ్ళన్నీ నింపేసి, లోకాన్ని మళ్ళీ పంచడానికి కూర్చున్నారు. వాళ్ళు నోటితో పంచినదాన్ని ఎవరో ఒకరు కాగితం మీద పంచి చూపించాలి కదా. ఆ పనికి పద్దెనిమిది మంది ఆడవాళ్ళను పెట్టారు. పొడుగాటి గది, ఉత్తరం వైపు పెద్ద పెద్ద కిటికీలు, మధ్యలో ఎప్పుడూ పొగచూరే ఒక పొయ్యి. వేళ్ళు కొంకర్లు పోయే చలిలో కుంచె పట్టుకుని దేశాలకు రంగులు వేసేవాళ్ళు. ఒకరికి గులాబి, ఒకరికి లేత పచ్చ, ఇంకొకరికి నిమ్మపండు రంగు. పొద్దున ఏటికి అవతల వేసిన గీతని మధ్యాహ్నం ఏటికి ఇవతలకి జరపమని చీటీ వచ్చేది. మర్నాడు మళ్ళీ అవతలకి. గెలవడానికి ఒక్కటైన వాళ్ళు పంపకాల దగ్గర ఒక్కటి కాలేకపోతున్నారని ఆ గదిలో వాళ్ళకి పేపర్ల కంటే ముందే తెలిసేది.

ఓదిల్‌కు నలభై ఒకటి. సొంత ఊరు వోమార్తెల్. వెర్దన్ పట్నానికి ఉత్తరంగా, అడవి అంచున, అరవై గడప ఉండే పల్లె. భర్త బాజిల్ భూములు కొలిచే ఉద్యోగి. పెళ్ళైన కొత్తలో, శీతాకాలం సాయంత్రాలు వంటింటి బల్ల మీద ఆయన కాగితాలు పరిస్తే, గీత ఎలా లాగాలో, రంగు చెరువులా నిలవకుండా ఎలా పరచాలో ఆమెకు నేర్పాడు. పిల్లలు కలగలేదు. యుద్ధం మొదలైన నెలలోనే బాజిల్ పోరులో పోయాడు. శవం కూడా చిక్కలేదు. 1916 ఫిబ్రవరిలో, మంచు కురుస్తుండగా, సైనికులు వచ్చి గంటలో ఊరు ఖాళీ చేయమన్నారు. అత్తగారిని చక్రాల బండి మీద కూర్చోబెట్టుకుని తోసుకుంటూ నడిచింది. కాందిశీకుల వసతిలో రెండు నెలలు బతికి ఆ ముసలావిడా కన్నుమూసింది. అక్కడి నుంచి ఓదిల్ పారిస్ వచ్చిపడింది. ఆరో అంతస్తులో ఒక గది. పొద్దున గదికి తాళం వేసినప్పుడు లోపల ఎలా ఉందో, సాయంత్రం తీసినప్పుడూ అలానే ఉండేది. ఆదివారాలు ఆమె నోట ఒక్క మాటైనా రాని రోజులున్నాయి. సోమవారం పొద్దున గొంతు సవరించుకుంటే గాని మాట పెగిలేది కాదు.

పక్కబల్ల జెర్మెన్ మాత్రం పారిస్ పిల్ల. నోరు మూత పడేది కాదు.

"ఓదిల్, ఇవాళ నేనొక దేశాన్ని పుట్టించాను తెలుసా? పొద్దుటికి లేదు. ఇప్పుడు రాజధాని కూడా ఉంది."

"మెల్లగా అను. మస్యూ కోర్బెల్ వింటాడు."

"వింటే విననీ. కన్నతల్లినైనా పేరు పెట్టనివ్వరు కదా, ఎంత అన్యాయం!"

ఆ గదికి పెద్ద కోర్బెల్. ఎడమ చెయ్యి యుద్ధంలో పోయిన మాజీ కెప్టెన్. ఖాళీ చొక్కా చేతిని పిన్నుతో జేబుకు గుచ్చుకుని, బల్లల మధ్య తిరుగుతుండేవాడు. చేరిన రోజునే ప్రతి ఒక్కరి చేతా ఒక కాగితం మీద సంతకం చేయించాడు. ఇక్కడ చూసింది బయట చెప్పం అని. చెప్తే ఉద్యోగమే కాదు, జైలు కూడా అని.

మార్చిలో ఓదిల్ బల్ల మీదికి బెల్జియం తూర్పు అంచు పటం వచ్చింది. మాల్మెడీ అనే చిన్న పట్నం, దాని చుట్టూ పల్లెలు. నిన్నటిదాకా జర్మనీ కింద ఉన్నవి. వాటిని బెల్జియానికి ఇవ్వాలా వద్దా, ఇస్తే ఎంతవరకు ఇవ్వాలి అని నెలరోజులు నలిగింది వ్యవహారం. ఆ పటాన్ని ఆమె తొమ్మిదిసార్లు తిరగ్గీసింది. ఒకసారి కళ్ళజోడు పెట్టుకున్న నిపుణులిద్దరు గదిలోకే వచ్చి, ఆమె భుజాల మీదుగా వంగి, రైలు కట్ట ఎవరిదన్న దాని మీద వాదులాడుకున్నారు. ఒకాయన నోట్లోంచి పొగాకు వాసన, ఇంకొకాయన కోటు నుంచి తడిసిన ఉన్ని వాసన. ఇద్దరి మధ్యా కుంచె ఎత్తి పట్టుకుని ఆమె అలానే కూర్చుంది.

వాళ్ళు వెళ్ళాక కోర్బెల్‌ని అడిగింది.

"మస్యూ, ఈ పల్లెల వాళ్ళకి తెలుసా, తమ గురించి ఇలా మాట్లాడుకుంటున్నారని?"

"వాళ్ళకి తెలిసే వేళకి మనం ఇంకో పటం మీద ఉంటాం మదామ్. గీత ఆరిందా?"

"ఆరింది."

"అయితే రంగు వేయండి."

ఏప్రిల్ మధ్యలో ఆ వ్యవహారం తేలిపోయింది. మాల్మెడీ, చుట్టుపక్కల పల్లెలన్నీ బెల్జియానికే. ఓదిల్ ఆఖరి పటానికి రంగు వేసి, ఆరబెట్టి, చుట్టి ఇచ్చేసింది.

ఆ వారమే ఆమె పేర ఉత్తరం వచ్చింది. జిల్లా కచేరీ నుంచి. వోమార్తెల్ ఊరి నేల పేలని గుండ్లతో, విషవాయువుతో పాడైపోయిందట. నివాసానికి పనికిరాదట. ఇప్పట్లో తిరిగి కట్టే ఆలోచన లేదట. బహుశా ఎప్పటికీ ఉండకపోవచ్చట. నిలబడి చదివింది. కూర్చుని మళ్ళీ చదివింది. మూడేళ్ళుగా ఆమె దేని కోసం ఓర్చుకుందో ఆమెకే ఆ నిమిషంలో తెలిసింది. ఇది తాత్కాలికం అనుకుంది. ఈ ఆరో అంతస్తు, ఈ గది, ఈ మాటలేని ఆదివారాలు, అన్నీ ఊరికి వెళ్ళేదాకానే అనుకుంది.

ఆమె చూపిస్తే కోర్బెల్ ఆ ఉత్తరం చదివి, మడిచి తిరిగిచ్చాడు.

"మీకు మూడు రోజులు సెలవు. అనుమతి కాగితం నేను రాయిస్తాను. వెళ్ళి చూసి రండి," అన్నాడు. ఖాళీ చొక్కా చేతిని సవరించుకుంటూ, "చూడకపోతే నమ్మలేరు. నేనూ నా చెయ్యి చూసుకున్నాకనే నమ్మాను," అన్నాడు.

వెర్దన్ దాకా రైలు. అక్కడి నుంచి సైనికుల లారీలో ఒక ముసలి సార్జెంటు పక్కన కూర్చుని వెళ్ళింది. దారి చివర లారీ ఆగింది. ఇక ఏమీ లేదు. చెట్టు లేదు, గోడ లేదు. కంటికి ఆనినంత మేరా గుంటలు. గుంటల్లో నీళ్ళు, నీళ్ళ మీద రంగురంగుల జిడ్డు తెట్టు. అక్కడక్కడ కలుపు గడ్డి అప్పుడే పచ్చగా లేస్తోంది. జర్మన్ ఖైదీల గుంపొకటి ఆ గుంటల మధ్య ఇనుప ముళ్ళ తీగ చుట్టి, గుండ్లు ఏరి కుప్ప పోస్తోంది.

"ఇందులో ఏది మీ ఊరో నాకు తెలీదమ్మా," అన్నాడు సార్జెంటు. "వీళ్ళలో ఒకడికి తెలుసు. రెండు నెలలుగా ఇక్కడే చేస్తున్నాడు. ఫ్రెంచి కూడా వచ్చు వాడికి. ఒరే లాంబేర్! ఇటు రా."

ముప్పై ఏళ్ళ మనిషి వచ్చాడు. బుగ్గలు పీక్కుపోయి ఉన్నాయి. టోపీ తీసి నిలబడ్డాడు.

"వోమార్తెల్‌కు దారి చూపించు ఈవిడకి. ఆవిడ కాలికి ఏమైనా తగిలిందా, నీ పని చెప్తా."

"నేను అడుగు వేసిన చోటే అడుగు వెయ్యండి మదామ్," అన్నాడు లాంబేర్. మాటలో ఏదో యాస ఉంది గాని, అది జర్మన్ యాస కాదు.

అలా నడిచారు. అతను ఒక చోట ఆగి చూపించాడు. ఎర్రటి మట్టిలో తెల్లటి చారిక ఒకటి, సున్నం ఒలికినట్టు.

"ఇది చర్చి. రాయి ఇలా పిండైపోయింది."

ఓదిల్ ఆ తెల్ల చారిక పక్కన నిలబడి చుట్టూ చూసింది. చర్చి ఇదైతే, తలుపుకు ఎదురుగా బావి. బావికి కుడి చేతి వైపు సందు. సందులో నాలుగో ఇల్లు తమది. కొలిచేవాడి పెళ్ళాం కదా, అడుగులు లెక్కపెడుతూ బయల్దేరింది. లాంబేర్ గాభరా పడి ముందుకు దూకాడు.

"మదామ్, నా వెనక! నా వెనక రండి!"

నూట నలభై అడుగుల దూరం గుంటలు చుట్టుకుంటూ పోయేసరికి ఏ దిక్కుకి నడుస్తోందో ఆమెకే తెలియలేదు. లెక్క తప్పింది. మళ్ళీ చర్చి దగ్గరికొచ్చి మొదలుపెట్టింది. మళ్ళీ తప్పింది. మూడోసారి ఇక వెళ్ళలేదు. అక్కడే నిలబడిపోయింది. ఏడుపు రాలేదు. పరాయి ఊళ్ళో దారి తప్పిన మనిషికి ఎలా ఉంటుందో అలా ఉంది.

లాంబేర్ తన కోటు విప్పి ఒక దిబ్బ మీద పరిచాడు. "ఇక్కడ నేను వెతికేశాను. భయం లేదు, కూర్చోండి."

కూర్చుంది. సంచిలోంచి రొట్టె, జున్ను తీసి సగం విరిచి ఇచ్చింది. ముందు వద్దన్నాడు. తర్వాత తీసుకుని, ఒక్కో ముక్కా చాలాసేపు నములుతూ తిన్నాడు.

"మీది ఎక్కడ?" అని అడిగింది.

"రోబ్రే. మీరు విని ఉండరు. మాల్మెడీ దగ్గర."

ఆమె చేతిలోని రొట్టె చేతిలోనే ఉండిపోయింది.

"మా ఇంట్లో మొదట్నుంచీ ఫ్రెంచే," అన్నాడతను. "వందేళ్ళ కిందట ఇలాంటి యుద్ధమే ఒకటి అయ్యిందట. గెలిచినవాళ్ళు వియన్నాలో కూర్చుని పంచుకున్నారు. మా ముత్తాత రాత్రి పడుకునేటప్పుడు ఒక దేశం వాడు, పొద్దున లేచేసరికి జర్మన్ల ప్రష్యా వాడు. అందుకని నేను జర్మన్ తుపాకీ మోశాను. ఇక్కడికొచ్చి, మా అమ్మ భాష మాట్లాడేవాళ్ళ మీదే కాల్చాను." ఆమె వైపు తిరిగాడు. "మీరు పారిస్ నుంచి వచ్చారన్నాడు సార్జెంటు. అక్కడ పేపర్లలో ఏమైనా రాశారా మదామ్? మమ్మల్ని ఏం చేస్తారట?"

పేపర్లలో రాలేదు. రాయడానికి ఇంకా రెండు వారాలు పడుతుంది. కానీ రోబ్రే ఆమెకు తెలుసు. వాగు వంపు తిరిగే చోట, చిన్న గుండ్రటి చుక్క. చుక్క పక్కన పేరు రాయడానికి చోటు చాలక అక్షరాలు ఇరికించింది. తొమ్మిదిసార్లు.

సంతకం చేసిన కాగితం గుర్తొచ్చింది. కోర్బెల్ గుర్తొచ్చాడు. 'నాకేం తెలుసు బాబూ' అంటే సరిపోయేది. ఎవరూ తప్పు పట్టరు. కానీ తన ఊరి సంగతి తనకు చెప్పడానికి మూడేళ్ళు పట్టింది వాళ్ళకి. అదీ ఒక ఉత్తరంతో.

"బెల్జియానికి ఇచ్చారు," అంది. "ఊరు మొత్తం. వాగుకి అటూ ఇటూ కూడా. నేనే గీశాను."

లాంబేర్ ఆమె ముఖంలోకి చూశాడు. నమ్మాడు.

"ఎవరైనా మమ్మల్ని అడిగారా?"

"లేదు."

అతను తల ఊపాడు. చేతులు దులుపుకున్నాడు. ఉన్నట్టుండి నవ్వాడు.

"అయితే ఇప్పుడు నేను ఎవరి ఖైదీని మదామ్? బెల్జియం మీ స్నేహితులే కదా. సార్జెంటుకి చెప్తే వదిలేస్తాడంటారా?"

"చెప్పొద్దు. నన్ను జైల్లో పెడతారు."

"చెప్పను." నవ్వు పోయింది. "మా అమ్మ ఒక్కతే ఉంది. నా ఉత్తరాలు చేరుతున్నాయో లేదో. మీరు ఒక ముక్క రాస్తారా? నేను బతికున్నానని. అంతే."

రాస్తానంది. లారీ దాకా తిరిగి నడిచారు. అతను వేసిన అడుగులో ఆమె అడుగు.

సెలవు అయిపోయిన రోజు పొద్దున్నే ఓదిల్ కోర్బెల్ బల్ల ముందు నిలబడింది. దాచుకోవడం ఆమె వల్ల కాలేదు.

"మస్యూ, నేను మాట తప్పాను. మాల్మెడీ సంగతి ఒకరికి చెప్పాను."

ఆయన ముఖం రాయిలా అయిపోయింది. "ఎవరికి? పేపరువాడికా?"

"ఆ పల్లె మనిషికి. జర్మన్ ఖైదీ."

ఆయన లేచి, కిటికీ దగ్గరికి వెళ్ళి, వీపు తిప్పి నిలబడ్డాడు. తిరిగి చూసినప్పుడు కోపం కంటే అలసటే ఎక్కువగా ఉంది ఆ ముఖంలో.

"ఈ గదిలో ఇంతమంది ఉన్నారు, ఎవరూ వచ్చి ఒప్పుకోరు. మీరు ఒప్పుకున్నారు కాబట్టి నేను వినాలి. విన్నాను కాబట్టి ఏదో ఒకటి చెయ్యాలి. పోనీ, చెయ్యితో పాటు ఆ వైపు చెవి కూడా పోయిందనుకోండి. రేపట్నుంచి సరిహద్దులు ముట్టుకోకండి. కొండలకి రంగు వేయండి."

అలా ఓదిల్ రెండు నెలలు కొండలకి రంగు వేసింది. జెర్మెన్ "ఏం తప్పు చేశావే, నిన్ను కొండలకెక్కించారు?" అని ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు.

జూన్ నెలాఖరున, శనివారం, వెర్సాయ్‌లో సంధి పత్రం మీద సంతకాలు. పటాల గదికి సెలవిచ్చారు.

"పద పోదాం! జన్మలో మళ్ళీ చూడం. నా నీలం టోపీ నీకిస్తా పెట్టుకో," అని జెర్మెన్ చెయ్యి పట్టి లాగింది.

"తలనొప్పిగా ఉంది, నువ్వెళ్ళు."

ఆరో అంతస్తులోని తన గదిలోనే ఉండిపోయింది. కిటికీ కింద వీధంతా జనం. పాటలు, జెండాలు, ఎవరెవరో ఎవరెవరినో కౌగిలించుకుంటున్నారు. మధ్యాహ్నం మూడు దాటాక ఫిరంగులు మోగాయి. సంతకాలైనందుకు సంబరం. మొదటి దెబ్బకే ఓదిల్ మంచం కింద ఉంది. ఎలా దూరిందో తెలీదు. రెండో దెబ్బకి తెలిసింది, ఇది యుద్ధం కాదని. అయినా లేవలేదు. చెక్క నేల మీద చెంప ఆనించి, ఫిరంగులు ఆగేదాకా అలానే పడుకుంది. వీధిలో జనం కేరింతలు కొడుతూనే ఉన్నారు.

మరుసటేడు పటాల గది మూసేశారు. కోర్బెల్ సిఫారసు మీద ఓదిల్‌కు బడి పటాలు అచ్చు వేసే చోట పని దొరికింది. లాంబేర్ విడుదలై ఇల్లు చేరాడని అతని తల్లి రాసింది. తర్వాత అతనే రాశాడు. "బెల్జియం వద్దనుకునేవాళ్ళు కచేరీకి వచ్చి, అధికారి ముందు, పుస్తకంలో పేరు రాయాలట. ఎవరికి ధైర్యం ఉంటుంది? నేను గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చాను. రాయాలో మానాలో నాకే తెలియలేదు. అమ్మకి మోకాళ్ళ నొప్పి. మీరు ఒకసారి రండి." వెళ్ళాలనే అనుకుంది. ఏడాదికి రెండు ఉత్తరాలు నడిచాయి. అతనికి పెళ్ళైంది. తర్వాత కొత్త సంవత్సరానికి ఒక కార్డు. తర్వాత అదీ లేదు. ఆమె తప్పు పట్టలేదు.

ఆ రోజుల్లోనే ఓదిల్ ఒక పని మొదలుపెట్టింది. మంచి దళసరి కాగితం మీద వోమార్తెల్ ఊరు గీయడం. ఇల్లిల్లూ, సందూ సందూ. జ్ఞాపకం ఉన్నంత గీసి, చెదిరిపోయిన ఊరివాళ్ళ అడ్రసులు ఎక్కడెక్కడివో సంపాదించి, అందరికీ రాసింది. కమ్మరి కొలిమికి పక్క ఇల్లు ఎవరిది? చాకిరేవుకి మెట్లు ఎన్ని? జవాబులు వచ్చాయి. ఒకరు ఏడు మెట్లంటే ఒకరు తొమ్మిదన్నారు. రొట్టెల పొయ్యి ఎడమవైపని ఒకావిడ, ఆవిడ సొంత చెల్లెలేమో కుడివైపని. ప్రతి ఉత్తరానికీ ఒక గీత చెరిపి, ఒక గీత లాగేది. ఆదివారాలు ఇప్పుడు ఆ పనితో గడిచేవి.

సెప్టెంబరులో ఊరి ఆనవాలు దగ్గర చెక్కలతో కట్టిన చిన్న ప్రార్థన మందిరంలో ఏటా ఒకసారి పూజ చేసేవారు. పటం పూర్తయిన ఏడు ముప్పై మంది దాకా వచ్చారు. పూజయ్యాక ఓదిల్ పటాన్ని బల్ల మీద పరిచింది. అందరూ మూగారు. ముసలి వేళ్ళు కాగితం మీద సందుల్లో నడుస్తూ పోయాయి. "ఇదిగో మా గుమ్మం", "ఇది మా మామ దొడ్డి". ఒకావిడ తన ఇంటి మీద అరచెయ్యి పెట్టి, తియ్యలేదు.

డెబ్భై దాటిన ఒనెజిమ్ మాత్రం ముక్కు పటానికి ఆనించి చూసి, కర్ర నేలకేసి కొట్టాడు. ఓదిల్ ఇంటికి వెనక ఇల్లు ఆయనది.

"ఏమే ఓదిల్! నా కంచె ఇక్కడ గీశావేంటి?"

"అక్కడే ఉండేది కదా పెద్దాయనా."

"రెండడుగులు నీ వైపు ఉండాలి. నీ మొగుడు కొలిచినప్పుడే మోసం చేశాడు. కొలత గొలుసు వదులుగా పట్టాడు, నేను చూశాను!"

"మా ఆయన ఎవరి దగ్గరా అంగుళం కూడా తినలేదు. మీరే ఏటా వసంతకాలంలో గుంజలు ఇటు జరిపేవారు. అత్తగారు కిటికీలోంచి చూసేది."

"మీ అత్తకి చూపెక్కడ ఏడ్చింది? మేకకీ పిల్లికీ తేడా తెలిసేది కాదు!"

"గుంజకీ గుంజకీ తేడా తెలిసేది!"

చుట్టూ వాళ్ళు మొదట బిత్తరపోయి, తర్వాత రెండు జట్లుగా చీలిపోయారు. పోనివ్వమ్మా, రెండడుగులేగా అని ఒకరు. ఎందుకు పోనివ్వాలి అని ఒకరు. ఓదిల్ ముఖం ఎర్రబడింది, గొంతు పెద్దదైంది. బాజిల్ పేరు ఇంత గట్టిగా పలికి ఎన్నేళ్ళైందో. బయట ఆ కంచె ఉండాల్సిన చోటంతా మనిషి లోతు గుంటలు, వాటి నిండా నీళ్ళు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా ఒక్కరూ తగ్గలేదు. పాద్రీ వచ్చి, బండి బయల్దేరుతోందని చెప్పేదాకా పోట్లాడుకున్నారు.

బండెక్కేటప్పుడు ఒనెజిమ్ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"వచ్చే ఏడు మా నాన్న కాలంనాటి దస్తావేజు తెస్తా. అప్పుడు చూడు నీ సంగతి."

"తెండి. చూస్తాను."

ఆ ఏడాదంతా ఓదిల్ జవాబులు సిద్ధం చేసుకుంది. బాజిల్ రాసుకునే పద్ధతి గుర్తు చేసుకుని, ఆ కంచె కొలతలు మళ్ళీ మళ్ళీ కట్టింది. మెట్లెక్కుతూ, దిగుతూ, ఒనెజిమ్ ఏమంటాడు, తనేమనాలి అని లోలోపల వాదించుకునేది. నిజం చెప్పాలంటే యుద్ధం తర్వాత ఆమె ఒక మనిషి కోసం ఎదురుచూసిన ఏడాది అదొక్కటే.

ఆగస్టులో ఆయన కూతురి దగ్గర్నుంచి నాలుగు లైన్ల ఉత్తరం వచ్చింది. నాన్న వసంతంలో పోయాడని. చివరి నెలల్లో దస్తావేజు కోసం పెట్టెలన్నీ వెతికించాడని, దొరకలేదని.

సెప్టెంబరులో ఓదిల్ వెళ్ళింది. పద్నాలుగు మంది వచ్చారు. పటం పరిచింది. అందరూ మెచ్చుకున్నారు. ఎవరూ ఏ గీతా తప్పనలేదు. సాయంత్రం రైల్లో కిటికీ పక్క చోటు దొరికింది. ఎదుటి సీట్లో కూర్చున్న యువతి, "ఎక్కడి నుంచి వస్తున్నారు మదామ్?" అని మర్యాదకి అడిగింది. ఓదిల్ ఊరి పేరు చెప్పింది. ఆ అమ్మాయి ఎప్పుడూ వినలేదట. అది ఏ స్టేషను దగ్గర అని అడిగితే, వెర్దన్ దగ్గర అని మాత్రం చెప్పి, చుట్టిన పటాన్ని ఒళ్ళోకి తీసుకుని, బయటికి చూస్తూ కూర్చుంది.